ఏ పని ఎన్నాళ్లు ఆగితే తట్టుకోగలం: అంబత్తూరులోని ఒక విడిభాగాల కర్మాగారానికి బీసీపీ

నమస్కారం. మీరు రాసిన వివరాలను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో 140 మందితో నడిచే వాహన విడిభాగాల కర్మాగారంలో ఉత్పత్తి, డిస్పాచ్ రెండింటి బాధ్యతా మీదే. మీ సరుకులో ఎక్కువ భాగం కొనే కంపెనీ మూడు నెలల్లోగా వ్యాపార కొనసాగింపు ప్రణాళికను, అంటే మన వాళ్లందరూ బీసీపీ అనే పత్రాన్ని, చూపించమని అడిగింది. మీరు ఇప్పటికే 64 ముప్పులతో ఒక రిస్క్ రిజిస్టర్ తయారు చేసి, ఒక్కొక్క దానికి సంభావ్యతకు ఐదులో ఇన్ని, తీవ్రతకు ఐదులో ఇన్ని అని మార్కులు వేసి, గుణించి, రంగులు కూడా వేశారు. ఫైర్ పాలసీ ఉంది, సర్వర్‌కు బ్యాకప్ ఉంది, జనరేటర్ ఉంది. వీటన్నిటినీ ఒకచోట కూర్చి పత్రంగా ఇస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. చెన్నైలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. మీరు చేసిన పని వృథా కాదు, కానీ అది వేరొక ప్రశ్నకు జవాబు. ఏ ఆపద రావచ్చు, దాన్ని ఎలా తగ్గించవచ్చు అన్నది రిస్క్ మేనేజ్‌మెంట్ అడిగే ప్రశ్న. ఏ కారణం చేతనైనా సరే, ఫలానా పని ఆగిపోతే మనం ఎన్ని గంటలు లేదా ఎన్ని రోజులు తట్టుకోగలం, ఆ గడువులోగా దాన్ని మళ్లీ ఎలా నిలబెడతాం అన్నది కొనసాగింపు ప్రణాళిక అడిగే ప్రశ్న. మీ 64 వరుసల్లో ఈ రెండో ప్రశ్నకు సంబంధించిన అంకె ఒక్కటి కూడా లేదు.

ముందు ఆ పట్టికలోనే ఒక చిక్కు చూడండి. కరెంటు కోతకు సంభావ్యత 5, తీవ్రత 1 వేశారు. కర్మాగారంలో నీరు చేరడానికి సంభావ్యత 1, తీవ్రత 5 వేశారు. గుణిస్తే రెండూ 5 అయ్యాయి, రెండూ ఆకుపచ్చగానే కనిపిస్తున్నాయి. నెలకు పదిసార్లు జనరేటర్ వేసుకోవడం, ఒక్కసారి మోకాలిలోతు నీటిలో కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాల ప్యానెళ్లు మునగడం ఒకే కోవకు చెందిన విషయాలు కావు. పైగా వరదకు 1 అన్న అంకె మీరున్న చోటికి తగినది కాదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వేళ అంబత్తూరు పారిశ్రామికవాడలోకి నీరు వచ్చి ఎన్నో చిన్న పరిశ్రమలు దెబ్బతిన్నాయి. ఈ పట్టికను అలాగే ఉంచండి, కొనుగోలుదారు అడిగితే చూపించండి, కానీ పని అక్కడి నుంచి మొదలుపెట్టకండి.

కారణాలకు అంతు ఉండదు. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు నాలుగు గంటల వ్యవధి మాత్రమే ఉంది, ఆ ఘటన నేను అప్పటికి చూసిన ఏ రిస్క్ రిజిస్టర్‌లోనూ ఆ రూపంలో లేదు. అయితే కారణాలు ఎన్ని ఉన్నా, వాటి వల్ల మనం కోల్పోయేవి కొన్నే. మనుషులు రాలేకపోవడం, చోటు వాడుకోలేకపోవడం, యంత్రమో కరెంటో నీరో లేకపోవడం, సమాచారం అందకపోవడం, సరఫరాదారు ఆగిపోవడం. మీ కర్మాగారానికి ఈ ఐదు చాలు. వీటిలో ఒక్కొక్కటీ లేని రోజును ఊహించుకుని, ఏ పని ఎప్పటికి ఇబ్బందిగా మారుతుంది, ఎప్పటికి కోలుకోలేని నష్టంగా మారుతుంది అని లెక్క వేయాలి. దీన్నే బిజినెస్ ఇంపాక్ట్ అనాలిసిస్ అంటారు. ప్రణాళికకు ప్రాణం అదే కాబట్టి దాని మీదే ఎక్కువ చెబుతాను.

మీరిచ్చిన అంకెలతోనే చేసి చూపిస్తాను. మీ స్టోర్‌లో తయారైన సరుకు మూడు రోజులకు సరిపడా ఉంటుందని, కొనుగోలుదారు అసెంబ్లీ లైన్ దగ్గర మరో రెండు రోజులకు సరిపడా ఉంటుందని రాశారు. అంటే మీ ఉత్పత్తి ఈ ఉదయం పూర్తిగా ఆగితే ఐదు రోజుల తర్వాత అవతలి వాళ్ల లైన్ ఆగుతుంది. లైన్ ఆగితే జరిమానాతో పోదు, ఆర్డర్లు మరొకరికి వెళ్తాయి, వెళ్లినవి తిరిగి రావడం అరుదు. కాబట్టి మీరు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని గరిష్ఠ గడువు ఐదు రోజులు. ఇప్పుడు ప్లేటింగ్ (తుప్పు పట్టకుండా వేసే లోహపు పూత) సంగతి చూద్దాం. మీ భాగాలన్నిటికీ తిరుముడివాక్కంలోని ఒకే యూనిట్‌లో ప్లేటింగ్ చేయిస్తున్నారు. ఆ యూనిట్ ఆగి మళ్లీ మొదలైనా, మొదటి లాట్ ప్లేటింగ్ పూర్తి చేసుకుని మీ దగ్గరికి రావడానికి ఒక రోజు, తనిఖీ, ప్యాకింగ్, రవాణా కలిపి మరో రోజు పడుతుంది. ఐదులోంచి రెండు తీసేస్తే మూడు. అంటే ప్లేటింగ్ మూడు రోజుల్లోగా ఎక్కడో ఒకచోట తిరిగి మొదలవ్వాలి. ఆర్‌టీవో (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్, పని తిరిగి మొదలవ్వాల్సిన గడువు) అని పుస్తకాల్లో చదివేది ఇదే. అది మనకు నచ్చిన అంకె వేసుకునే గడి కాదు, గరిష్ఠ గడువు నుంచి వెనక్కి లెక్కపెడితే మిగిలేది.

మూడు రోజుల్లో మరో ప్లేటింగ్ యూనిట్‌ను పట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. యూనిట్లు దొరుకుతాయి. కానీ మీ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు, ప్రక్రియ చేసే చోటు మారితే కొనుగోలుదారుకు మళ్లీ పీపీఏపీ (భాగం ఆమోదానికి ఇచ్చే నమూనాలు, రికార్డులు) సమర్పించి ఆమోదం పొందాలి. నమూనాలు, సాల్ట్ స్ప్రే పరీక్ష, కాగితాలు అన్నీ కలిపి దానికి వారాలు పడుతుంది. మీకు ఉన్నది మూడు రోజులు, కావలసినవి వారాలు. మీ సంస్థ ప్రాణం ఆ సందులో ఉంది, 64 వరుసల పట్టికలో అది ‘సరఫరాదారు ఆలస్యం, మధ్యస్థం’ అన్న మాటల కింద కనిపించకుండా పోయింది. తిరుముడివాక్కం ఎక్కడుందో కూడా గుర్తు చేసుకోండి. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన మిగులు నీరు అడయారు నదిలో కలవడానికి వెళ్లే దారి ఆ పక్కనుంచే. 2015 డిసెంబరు 1న ఆ చెరువు నుంచి సుమారు 29,000 క్యూసెక్కులు వదిలారు. అలాంటి రాత్రి అంబత్తూరులో మీ నేల పొడిగా ఉన్నా మీ ఉత్పత్తి ఆగవచ్చు.

ఇంకో మెట్టు దిగి చూడాలి. ఐదు రోజులు అన్న లెక్క మీ స్టోర్‌లోని మూడు రోజుల సరుకు భద్రంగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. ఆ సరుకు కింది అంతస్తులో, ర్యాకుల కింది అరల్లో ఉంటే, నీరు వచ్చిన రోజున ఐదు రోజులు రెండు రోజులవుతాయి. అప్పుడు ప్లేటింగ్‌కు మిగిలే గడువు సున్నా. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే ముందు తయారైన సరుకును పై అరలకు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. మొత్తం ప్రణాళికలో ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే పని ఏదని నన్నడిగితే, మీ విషయంలో నేను దీన్నే ముందు చెబుతాను.

ఈ లెక్కలు మీ గదిలో కూర్చుని వేయకండి. డిస్పాచ్ గుమాస్తా దగ్గర, స్టోర్ కీపర్ దగ్గర, టూల్ రూమ్‌లో కూర్చుని వేయండి. నేను సలహాదారుగా వెళ్లిన ఒక సంస్థలో ప్రతి విభాగాధిపతీ తన పని నాలుగు గంటలకు మించి ఆగకూడదని రాసిచ్చారు. రేపు పదిహేను మంది మాత్రమే రాగలిగితే ఎవరిని రమ్మంటారు అని అడిగాక గాని అసలు వరుస బయటపడలేదు. అదే సంస్థలో డిస్పాచ్ గుమాస్తా చెప్పిన ఒక్క మాట మిగతా వారం రోజుల చర్చకంటే విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే జీఎస్టీ కింద రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు లేకుండా లారీ గేటు దాటదు. ఆ బిల్లుకు వచ్చే ఓటీపీ ఒకే ఒక ఉద్యోగి ఫోన్‌కు వచ్చేది. ఆయన సెలవులో ఉన్నా, ఫోన్ పోయినా, కర్మాగారమంతా నడుస్తూ కూడా సరుకు కదలదు. ఆ విషయం యజమానికి తెలియదు.

మనుషుల గురించి. మీ వాళ్లలో దాదాపు నలభై మంది సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి వైపు నుంచి సబర్బన్ రైలులో వస్తారని రాశారు. 2023 డిసెంబరు 4న బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య వంతెన దగ్గర నీటిమట్టం పెరగడంతో సెంట్రల్ వైపు ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. కర్మాగారం బాగానే ఉండి మనుషులు చేరలేకపోవడం మన ఊరికి కొత్త కాదు. 1878లో మొదలైన ‘ది హిందూ’ పత్రిక 2015 డిసెంబరు 2న చెన్నైలో అచ్చు కాలేదు. మరైమలై నగర్‌లోని ముద్రణాలయానికి సిబ్బంది చేరుకోలేకపోవడమే కారణం. కాబట్టి మీ పట్టికలో ‘ఉద్యోగుల గైర్హాజరు’ అని ఒక వరుస రాస్తే చాలదు. ఆ నలభై మందిలో ఎవరు లేకపోతే ఏ యంత్రం ఆగుతుందో, ఆ యంత్రం మీద పని తెలిసిన రెండో మనిషి అంబత్తూరు, ఆవడి, కొరట్టూరు ప్రాంతాల్లో ఎవరున్నారో పేర్లతో సహా ఉండాలి. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ (లోహాన్ని వేడిచేసి గట్టిపరిచే కొలిమి) దగ్గర రెండో మనిషి లేడని మీరే ఒప్పుకున్నారు, ఆయనకు తోడుగా ఒకరిని తయారు చేయడానికి ఆరు నెలలు పట్టినా ఇప్పుడే మొదలుపెట్టండి. మనుషులు, వాళ్ల ఇళ్లు క్షేమంగా ఉన్నాయని తెలిశాకే పనికి పిలవాలన్న మాట కూడా ప్రణాళికలో రాతపూర్వకంగా ఉండాలి. నీళ్లలో ఇల్లు విడిచి వచ్చిన మనిషిని ఫర్నేస్ ముందు నిలబెట్టడం ప్రమాదం.

మీ యజమాని శ్రీసిటీ దగ్గర ఒక షెడ్డును ప్రత్యామ్నాయంగా అద్దెకు తీసుకునే ఆలోచనలో ఉన్నారని చెప్పారు. అగ్నిప్రమాదానికైతే అది మంచి ఏర్పాటే. తుపానుకు కాదు. మిచౌంగ్ చెన్నైని ముంచి, నెల్లూరు తీరం వెంబడి పైకి వెళ్లి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నై, శ్రీసిటీ రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి. రెండో ఏర్పాటు మొదటిదానితో ఏమేం పంచుకుంటున్నదో, అంటే ఒకే నది, ఒకే సబ్‌స్టేషన్, ఒకే రోడ్డు, ఒకే కేబుల్ దారి, చూడకుండా దాన్ని ప్రత్యామ్నాయం అనకూడదు.

దీనికి పెద్ద ఉదాహరణ 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో జరిగిన అంతరాయం. ఇద్దరు వేర్వేరు టెలికాం సంస్థల నుంచి లింకులు ఉన్నా, ఇద్దరి లింకుల్లోనూ ఒకే సమయంలో ఇబ్బంది వచ్చిందని ఎక్స్ఛేంజ్ ప్రకటించింది. దాదాపు నాలుగు గంటలు ట్రేడింగ్ ఆగింది. విపత్తు వేళ వాడడానికి చెన్నైలో ప్రత్యామ్నాయ కేంద్రం ఉన్నా ఆ రోజు పని అక్కడికి మారలేదు. ఆ తర్వాతి నెలలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఆదేశం మనలాంటి చిన్న సంస్థలు కూడా శ్రద్ధగా చదవదగినది. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లోగా దాన్ని విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లోగా పని తిరిగి మొదలవ్వాలి. పునరుద్ధరణకు మాత్రమే కాదు, ‘ఇది విపత్తు’ అని నోరు విప్పి చెప్పడానికి కూడా గడువు పెట్టారు. ‘ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుందేమో’ అనుకుంటూనే గంటలు గడిచిపోవడం నేను ఎన్నో చోట్ల చూశాను.

కాబట్టి మీ పత్రంలో ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో, ఆయన దొరకకపోతే తర్వాత ఎవరిదో, ఏ గుర్తు కనిపిస్తే చెప్పాలో రాయండి. ఉదాహరణకు గేటు దగ్గర నీరు ఫలానా గీత దాటితే షిఫ్ట్ సూపర్‌వైజర్ ఎవరినీ అడగకుండా మెయిన్ స్విచ్ తీయించి, మనుషులను పై అంతస్తుకు పంపవచ్చు. రాత్రి రెండు గంటలకు యజమానికి ఫోన్ చేసి అనుమతి అడగవలసిన పరిస్థితి ఉంటే ఆ ప్రణాళిక పనిచేయదు.

బ్యాకప్ గురించి రెండు ప్రశ్నలే అడుగుతాను. చివరిసారి దాని నుంచి సమాచారాన్ని పూర్తిగా తిరిగి తెచ్చి, స్టాకు, బిల్లులు నడిపే ఈఆర్‌పీ తెరిచి, ఒక ఇన్వాయిస్ తీసి చూసింది ఎప్పుడు? ఆ బ్యాకప్ ఎప్పుడూ నెట్‌వర్క్‌కు తగిలించే ఉంటుందా? 2017 జూన్‌లో నాట్‌పెట్యా సైబర్ దాడిలో మేర్స్క్ అనే షిప్పింగ్ సంస్థలో లాగిన్లను నడిపే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లు, దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అవన్నీ ఒకదానికొకటి నకళ్లు కాబట్టి ఒకటి పోతే మరొకటి ఉంటుందన్న ఏర్పాటు అది, అన్నీ ఒకేసారి పోవచ్చన్న ఆలోచన అందులో లేదు. ఘానాలో కరెంటు పోయి ఆ సమయానికి ఆగి ఉన్న ఒక్క సర్వర్ మిగిలింది, దాని ఆధారంగానే మళ్లీ నిర్మించుకున్నారు. మీరు వారానికి ఒక కాపీ అయినా తీగ తీసేసి వేరే ఊళ్లో ఉంచండి. ఎంత సమాచారం పోతే తిరిగి చేత్తో రాసుకోగలరో దాన్ని బట్టి ఎంత తరచుగా కాపీ తీయాలో తేలుతుంది. మీకు ఒక రోజు పోయినా ఫర్వాలేదు, గేట్ రిజిస్టర్, చలాన్ పుస్తకాలు చూసి పూడ్చుకోగలరు. డ్రాయింగులు, సీఎన్‌సీ ప్రోగ్రాములు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు.

డ్రాయింగుల మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ సంస్థ కర్మాగారం తగలబడినప్పుడు టొయోటాకు కావలసిన ఒక చిన్న బ్రేకు వాల్వు దాదాపు పూర్తిగా ఆగిపోయింది. నిల్వ కొద్దిగానే ఉంది, టొయోటా లైన్లు ఆగాయి. అయినా కొన్ని రోజుల్లోనే ఇతర సరఫరాదారులు, ఒక కుట్టుమిషన్ల సంస్థతో సహా, ఆ వాల్వులు చేసిచ్చారు. ఐసిన్ తన డ్రాయింగులను, ప్రక్రియ వివరాలను వాళ్లకు ఇవ్వడం వల్లనే అది సాధ్యమైంది. మీ పని మరొకరి చేత చేయించుకోవలసి వస్తే ఇవ్వడానికి మీ దగ్గర కాగితం మీద ఏముంది, ఫర్నేస్ మనిషి తలలో మాత్రమే ఏముంది అన్నది చూసుకోండి.

బీమా గురించి క్లుప్తంగా చెబుతాను. ఫైర్ పాలసీ భవనం, యంత్రాలు, సరుకు మీద జరిగిన నష్టాన్ని పూడుస్తుంది. ఉత్పత్తి ఆగిన కాలంలో పోయిన లాభం, ఇవ్వక తప్పని జీతాలు దానిలో రావు, వాటికి లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ విడిగా ఉండాలి. అది కూడా సాధారణంగా మీ ఆవరణలో బీమా ఉన్న ఆస్తికి నష్టం జరిగితేనే వర్తిస్తుంది. రోడ్లు మునిగి మనుషులు రాక కర్మాగారం ఆగితే, లేదా తిరుముడివాక్కం యూనిట్ మునిగితే, ప్రత్యేకంగా చేర్పించుకుంటే తప్ప రాదు. మీ ఏజెంటును వరద, తుపాను భాగం మీ పాలసీలో ఉందా అని కూడా రాతపూర్వకంగా అడగండి. ఎంత మంచి పాలసీ అయినా డబ్బు కొన్ని నెలలకు వస్తుంది, కొనుగోలుదారు ఐదు రోజులే ఆగుతాడు.

ఇక పరీక్షించడం. 2015లో గిండీ దగ్గర నేను పనిచేసిన సంస్థలో నూట పన్నెండు పేజీల ప్రణాళిక ఉండేది. దాన్ని రాసిన బృందంలో నేనూ ఉన్నాను. డిసెంబరు 2 ఉదయం సర్వర్ గది మొదటి అంతస్తులో పొడిగానే ఉంది, జనరేటర్ ఎత్తయిన దిమ్మె మీద పొడిగానే ఉంది, కానీ డీజిల్ పంపు, మెయిన్ కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ప్యానెల్ బేస్‌మెంట్‌లో మునిగాయి. అందరి ఫోన్ నంబర్లు, ప్రణాళిక పత్రం రెండూ ఆగిపోయిన సర్వర్‌లోనే ఉన్నాయి. ఉన్న కొద్ది మందిమి గుర్తున్న నంబర్లకు చేశాం, వాటిలో చాలావరకు కలవలేదు. ఒక సహోద్యోగి క్షేమంగా ఉన్నారని తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఏడాదికి ఒక్కసారి మెయిన్ కరెంటు నిజంగా తీసేసి నాలుగు గంటలు నడిపి చూసి ఉంటే పంపు బేస్‌మెంట్‌లో ఉందన్న సంగతి ముందే ఎవరో ఒకరు అడిగేవారు. ప్రతి నెలా జనరేటర్‌ను పది నిమిషాలు ఉత్తినే తిప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాళ్లం. ఆ పరీక్ష వల్ల అసలు ప్రశ్నలు బయటికి రాలేదు.

అందుకే మీ మూడు నెలల్లో మొదటి నెల లెక్కలకు, రెండో నెల ఏర్పాట్లకు, మూడో నెల రెండు పరీక్షలకు కేటాయించమని అడుగుతున్నాను. ఒకటి, అందరూ బల్ల చుట్టూ కూర్చుని ‘సోమవారం తెల్లవారుజామున నాలుగు, గేటు దగ్గర నీరు, రైళ్లు లేవు’ అని మొదలుపెట్టి రెండు గంటలు నడిపేది. రెండోది, ఒక ఆదివారం కరెంటు, సర్వర్ రెండూ తీసేసి, బ్యాకప్ నుంచి తెచ్చిన సమాచారంతో, రెండో మనిషి ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో, ఒక లారీని నిజంగా గేటు దాటించేది. వాటిలో బయటపడిన లోపాలను దాచకుండా పత్రంలో రాయండి. నేను కొనుగోలుదారు తరఫున తనిఖీకి వెళ్లినప్పుడు లోపాలు, వాటిని సరిదిద్దిన తేదీలు ఉన్న పది పేజీల పత్రాన్ని, ఏ లోపమూ కనిపించని వంద పేజీల పత్రంకంటే ఎక్కువ నమ్ముతాను. ఐఎస్‌వో 22301 (కొనసాగింపు నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) ధ్రువపత్రం వాళ్లు అడగలేదు కాబట్టి ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. 2019 నాటి ఆ ప్రమాణంలోని వరుసను పాటిస్తే చాలు, తర్వాత కావాలనుకుంటే ధ్రువీకరణకు వెళ్లవచ్చు.

అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, కొనుగోలుదారు నాణ్యతా విభాగానికి రెండో ప్లేటింగ్ యూనిట్ ఆమోదం కోసం ఉత్తరం రాయండి. శ్రీపెరుంబుదూరు వైపు గాని, హోసూరులో గాని, అడయారు నీరు చేరని చోట ఉన్నదాన్ని ఎంచుకోండి, ఆమోదం వచ్చాక నెలకు ఒక చిన్న లాట్ అక్కడే చేయించండి. మిగిలిన పనులన్నీ మీ చేతిలో ఉన్నవే, ఈ ఒక్కదానికి పట్టే కాలం మాత్రం అవతలి వాళ్ల చేతిలో ఉంది.